ఎడమచేతివాటము గలవారికి తగిన బోల్టు రైఫిలు: జింకల వేటకు ఎన్నుకొను విధము

కోతకాలమున వరుసగా నిలిచి వరి కోయువారిలో ఎడమచేతివాటము గలవాడొకడున్నచో వాని కష్టము చూచువారికి వెంటనే తెలియును. కొడవలి కక్కు కుడిచేతికి అనువుగా తీయబడియుండును. పనలు వేయు దిక్కు కుడిచేతివారి దిక్కే. ప్రక్కవాని మోచేయి మాటిమాటికి తగులుచుండును. వానికి బలము తక్కువ గాదు, నేర్పు తక్కువ గాదు. పనిముట్టు మాత్రము వాని చేతికొఱకు చేయబడినది గాదు. లోకమున నూటికి పదిమంది వఱకు ఇట్టివారుందురు.

తుపాకి విషయమున ఈ భేదము మఱింత ముఖ్యమైనది. కొడవలి సరిపడకున్న పని మందగించును. తుపాకి సరిపడకున్న గుఱి తప్పును; జంతువు గాయపడి పొదలలోనికి పోయి దినములతరబడి బాధపడి చచ్చును; ఒక్కొక్కప్పుడు మనుష్యునికే ప్రమాదము గలుగును. కావున ఎడమచేతివాటము గలవాడు తుపాకి కొనుటకు ముందు తెలిసికొనవలసిన విషయములు ఇందు క్రమముగా వివరింపబడినవి.

మొదటనే ఒక మాట చెప్పవలసియున్నది. మన దేశమున 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే జింకల వేట నిషేధింపబడినది. కావున ఇందు చెప్పబడు వేట విషయములన్నియు, ఆ వేట చట్టసమ్మతమై యున్న అమెరికా సంయుక్త రాష్ట్రములకు సంబంధించినవి. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములవారికి ఇవి నేరుగా ఉపయోగపడును. ఇచ్చట లైసెన్సుపై తుపాకి ఉంచుకొన్న రైతులకు, చేతికిని తుపాకికిని గల పొత్తు ఎట్టిదో తెలిసికొనుటకు పనికివచ్చును. మన దేశపు చట్టమును గూర్చి చివర వేఱుగా వ్రాయబడినది.

1. ఆ దేశమున జింకల వేటయు వ్యవసాయమును

అమెరికాలో విస్తారముగా నుండునది తెల్లతోక జింక. మగది సామాన్యముగా నూఱు పౌండ్లు మొదలు మూడువందల పౌండ్ల వఱకు తూగును. విచ్చలవిడి వేటవలన 1900 ప్రాంతమునకు ఈ జాతి దేశమంతటను ఐదు లక్షలకు మించి లేదని అంచనా. అటుపిమ్మట వేటకు ఋతువు, లైసెన్సు, పరిమితి ఏర్పఱుపబడినవి. 1937 సంవత్సరపు పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టముచే రైఫిళ్లమీదను తూటాలమీదను నూటికి పదునొకండు వంతున విధింపబడిన పన్ను వన్యప్రాణుల పోషణకే వినియోగింపబడుచున్నది. ఇప్పుడు తెల్లతోక జింకలు సుమారు మూడు కోట్లున్నవని అంచనా. తోడేళ్లు మొదలగు క్రూరమృగములు అనేక ప్రాంతములలో లేకపోవుటచే మొక్కజొన్న, సోయాచిక్కుడు పైరులకు జింకలవలన నష్టము మెండు. వేట ఋతువున కొన్నింటిని తగ్గించుట అచ్చటి రైతునకు పైరు కాపుదలలో నొక భాగము.

ఈ వేటకు అచ్చటివారు ఎక్కువగా వాడు ఆయుధము బోల్టు రైఫిలు.

2. బోల్టు రైఫిలు పనిచేయు తీరు

బోల్టు అనగా గడియ. తలుపు గడియను పైకెత్తి వెనుకకు లాగినట్లే ఈ తుపాకి గడియను పైకెత్తి వెనుకకు లాగినచో కాలిన తూటా బయటపడును. ముందుకు త్రోసినచో క్రొత్త తూటా గొట్టములోనికి పోవును. పిడిని క్రిందికి దించినచో గడియ బిగిసికొనును. ఎత్తుట, లాగుట, త్రోయుట, దించుట అను ఈ నాలుగు పనులు ప్రతి గుండునకును చేయవలెను. నిర్మాణము సులభము, బిగువు ఎక్కువ, గుఱి నిలుకడ. ఇందుచేతనే దీనికి ఆదరణ కలిగినది.

ఈ పద్ధతి సైన్యములనుండి వచ్చినది. ప్రష్యా ప్రభుత్వము 1841లో డ్రైసె తుపాకిని స్వీకరించెను. జర్మనీలో మౌజరు సోదరులు దానిని బాగుచేసిరి. 1898 సంవత్సరపు మౌజరు రైఫిలు తరువాతి వేట రైఫిళ్లలో అనేకములకు మాతృక. సైన్యమున అందఱికి ఒకే తీరు ఆయుధమీయవలెను గావున పిడి కుడిప్రక్కనే యుంచబడెను. ఎడమచేతివాటము గల సిపాయికి సయితము కుడి భుజముననే కాల్చుట నేర్పబడెను. వేటగాండ్ర రైఫిళ్లును అదే అచ్చున వచ్చినవి.

ఎడమప్రక్క పిడిగల రైఫిళ్లు సామాన్యుల ధరలో దొరకుట చాలకాలము తరువాతి మాట. సావేజి కంపెనీవారి 110 నమూనా 1958లో వెలువడెను. కొలదికాలములోనే దానికి ఎడమచేతి రకమును తయారుచేయబడెను. తరువాత ఇతర కంపెనీలవారును ఆ దారి పట్టిరి.

3. కుడిచేతి రైఫిలును ఎడమ భుజమున వాడుటలోని ఇబ్బందులు

మొదటిది. ఎడమచేతివాడు ఎడమ భుజమునకు తుపాకి ఆనించి, ఎడమచేతితో ట్రిగ్గరు లాగును. పిడి కుడిప్రక్కనున్నది. ఒక గుండు కాల్చిన పిమ్మట ఎడమచేతిని తుపాకిమీదుగా దాటించి పిడిని అందుకొనవలెను. అప్పుడు చెక్కిలి కొయ్యనుండి లేచును, కన్ను గుఱినుండి తప్పును, తుపాకి భుజమునుండి జాఱును, గొట్టపు మూతి ఎటో తిరుగును. గాయపడిన జింకకు రెండవ గుండు వెంటనే తగులవలసిన సమయమిదే. ఆ రెండు మూడు క్షణములలో జింక చెట్లమాటునకు పోవును.

రెండవది. ఖాళీ తూటా వెలువడు కిటికీ కుడిప్రక్కనుండును. కుడిచేతివాని ముఖము కొయ్యకు ఎడమప్రక్కనుండును గావున వానికి అది దూరము. ఎడమచేతివాని ముఖము కుడిప్రక్కన, కిటికీకి చేరువగా నుండును. తూటా మంచిదైనప్పుడు దీనివలన భయములేదు. తూటా అడుగు చీలి వేడివాయువు వెనుకకు తన్నినచో అది వాని ముఖమువైపునకు రావచ్చును. ఇది అరుదు, అయినను ఎడమచేతివాడు కంటి అద్దములు లేక కాల్చరాదు.

మూడవది సేఫ్టీ మీట. అనేక రైఫిళ్లలో ఇది గడియవెనుక కుడిప్రక్కన, కుడి బొటనవ్రేలికి అందునట్లు అమర్పబడియుండును. ఎడమచేతివాడు బొటనవ్రేలిని కొయ్యమీదుగా దాటింపవలెను, లేదా చూపుడువ్రేలితో త్రోయవలెను. చూపుడువ్రేలు ట్రిగ్గరునకు చేరువగా తిరుగుచుండగా సేఫ్టీ తీయుట మిక్కిలి చెడ్డ అలవాటు.

నాలుగవది కొయ్య. కుడిచేతి కొయ్యకు చెక్కిలి ఆనించు ఉబ్బు ఎడమప్రక్కనుండును. ఎడమ భుజమునకు ఆనించినప్పుడు అది చెక్కిలికి తగులదు. తుపాకి తన్నుడు దవడ యెముకపై సూటిగా పడును.

అయినను ఒక సందర్భమున కుడిచేతి రైఫిలే ఎడమచేతివానికి సుఖముగా నుండును. బల్లమీదనో, ఇసుకసంచిమీదనో రైఫిలును ఆనించి నిదానముగా కాల్చునప్పుడు, ఎడమచేతిని ట్రిగ్గరువద్దనే యుంచి, ఖాళీగానున్న కుడిచేతితో గడియను త్రిప్పవచ్చును. మంచెమీద కదలక కూర్చుండి, ఆనుడు కఱ్ఱపై తుపాకినుంచి కాల్చువానికి ఇది కొంతవఱకు చాలును. అడవిలో నడచుచు, నిలుచుండి, మోకాలిపై కూర్చుండి కాల్చువానికి చాలదు.

4. చేతికంటె ముందు కన్నును పరీక్షింపవలెను

చేతులవలెనే కన్నులలోను ఒకటి ముఖ్యమైనదిగా నుండును. మూడింట రెండువంతులమందికి కుడికన్ను, తక్కినవారిలో అధికులకు ఎడమకన్ను ముఖ్యము. చేయి ఎడమదైన మాత్రమున కన్నును ఎడమదే కానక్కఱలేదు. తుపాకి గుఱి కంటితో చూడబడునది గావున ఏ భుజమున కాల్చవలెనో నిర్ణయించుటకు కంటినే ముందుగా చూడవలెను.

పరీక్ష సులభము. రెండు చేతులను ముందుకు చాచి, అరచేతులను ఎదుటివైపు త్రిప్పి, బొటనవ్రేళ్ల నడుమను చూపుడువ్రేళ్ల నడుమను ఒక చిన్న సందు మిగులునట్లు చేతులను కలుపవలెను. రెండు కన్నులు తెఱచి ఆ సందుగుండ దూరముననున్న చెట్టునో స్తంభమునో చూడవలెను. ఆ వస్తువును విడువక చేతులను మెల్లగా ముఖమునకు చేర్చినచో సందు తనంతట తాను ఒక కంటియొద్దకు వచ్చును. అదియే ముఖ్యమైన కన్ను. రెండుమూడు పర్యాయములు చూచినచో సందేహము తీఱును.

ఎడమచేయి, ఎడమకన్ను రెండును ముఖ్యమైనవారు నిస్సందేహముగా ఎడమచేతి రైఫిలు కొనవచ్చును. చేయి ఎడమది, కన్ను కుడిది అయినచో, క్రొత్తగా నేర్చుకొనువాడు కుడి భుజమున నేర్చుకొనుటయే మేలు. వానికి కుడిచేతి రైఫిలే చాలును. చాలకాలముగా ఎడమ భుజమున కాల్చి అలవాటుపడినవాడు దూరదర్శిని అమర్చుకొని, కుడికన్ను మూసికొని కాల్చవచ్చును. పిల్లవానికి నేర్పు తండ్రి ఈ పరీక్షను మొదటిదినముననే చేయవలెను. పుఱ్ఱచేయి అని గద్దించి చేయి మార్పించుటవలన గుఱి రాదు. తెలియక ఒక ప్రక్క అలవాటు చేసి తరువాత మార్పుట పిల్లవానికిని నేర్పువానికిని కష్టము.

5. ఎన్నుకొనుటకు గల మార్గములు

ఎడమ భుజమున కాల్చవలెనని నిశ్చయించుకొన్నవానికి మూడు మార్గములున్నవి.

(అ) పూర్తి ఎడమచేతి బోల్టు రైఫిలు. ఇందు పిడి, కిటికీ, కొయ్య అన్నియు అద్దములోని ప్రతిబింబమువలె తిరుగవేయబడియుండును. నడచి వేటాడువానికి ఇదియే ఉత్తమము. లోపములు మూడు: తూటా రకములు కుడిచేతి రైఫిళ్లలో దొరకునన్ని దొరకవు, కుటుంబమున తక్కినవారు కుడిచేతివారైనచో అది ఒక్కనికే పనికివచ్చును, మఱల అమ్మునప్పుడు కొనువారు తక్కువ.

(ఆ) ఏ చేతికైనను సరిపడు రైఫిలు. క్రింది మీటతో పనిచేయు లీవరు రైఫిళ్లు, ఒక్కొక్క తూటానే పెట్టి కాల్చు రైఫిళ్లు ఈ జాతివి. మార్లిన్ 336, రూగరు నంబరు 1 అనునవి వీనికి ఉదాహరణములు. మీట నడుమనుండుటచే రెండు చేతులవారికిని సమానము. ఇంటిలో ఎడమచేతివాడును కుడిచేతివాడును ఒకే రైఫిలును వాడవలసియున్నచో ఇది మంచి మార్గము.

(ఇ) ఉన్న కుడిచేతి రైఫిలునే ఉంచుకొని, రెండుప్రక్కలకును సమానమైన కొయ్యను వేయించి, ఆనుడు కఱ్ఱపై కాల్చుట అలవాటు చేసికొనుట. ఖర్చు తక్కువ. పైన చెప్పిన ఇబ్బందులు కొంత తగ్గును, పోవు.

6. కొనునప్పుడు చూడవలసినవి

పిడియు కిటికీయు: ఎడమచేతి రైఫిలని చెప్పి అమ్మునది నిజముగా ఎట్టిదో చేతితో చూడవలెను. కొన్నింట కొయ్యమాత్రమే ఎడమచేతిది, గడియ కుడిచేతిదే. కొన్నింట పిడి ఎడమప్రక్క, కిటికీ కుడిప్రక్క. ఇవి గుఱిపందెములకు చేయబడినవి. వేటకు రెండును ఎడమప్రక్కనుండవలెను. పిడిని ఎంత ఎత్తిన గడియ విడునో చూడవలెను. సావేజి 110లో ఇది సుమారు తొంబది డిగ్రీలు; ఫిన్లండు దేశపు టిక్కాలో డెబ్బది; వెదర్బీ మార్కు ఐదులో ఏబదినాలుగు. ఎత్తు తక్కువైనచో పైనున్న దూరదర్శినికి వ్రేళ్లు తగులవు.

సేఫ్టీ: కొయ్యమెడపై నడుమన జారు సేఫ్టీ ఏ చేతి బొటనవ్రేలికైనను అందును. సావేజి 110లో ఇట్టిది కలదు. ప్రక్కనుండు మీటయైనచో అది ఎడమప్రక్కకు మార్పబడినదా యని చూడవలెను.

పొడవు: ట్రిగ్గరునుండి మడమ చివరవఱకు గల దూరము సామాన్యముగా పదుమూడున్నర అంగుళములు. పెద్ద చలికోటు తొడిగి చూడవలెను, ఏలయన అచ్చటి వేటకాలము చలికాలము. కన్నులు మూసికొని తుపాకిని భుజమునకెత్తి, తెఱచినప్పుడు గుఱి సూటిగా కన్పడినచో కొయ్య సరిపడినట్లు. మెడను చాపవలసివచ్చినను ముడువవలసివచ్చినను సరిపడలేదని తెలియవలెను.

బరువు: దూరదర్శినితో గూడ ఏడెనిమిది పౌండ్లు మధ్యమము. అంతకంటె తేలికైనది మోయుటకు సుఖము, కాల్చినప్పుడు ఎక్కువ తన్నును.

తూటా: ఇచ్చట చాలమంది పొరపడుదురు. జింకకు పెద్ద తూటా అక్కఱలేదు. .243 వించెస్టరు (1955), .270 వించెస్టరు (1925), .308 వించెస్టరు (1952), .30-06 స్ప్రింగ్‌ఫీల్డు (1906), 6.5 క్రీడ్‌మూరు (2007) అనునవి తెల్లతోక జింకకు చాలును. ఇందు .243 యొక్క తన్నుడు .30-06 తన్నుడులో సుమారు సగము. క్రొత్తవారికి, పిల్లలకు, స్త్రీలకు తగినది. తన్నుడునకు జంకువాడు ట్రిగ్గరు లాగుచునే కన్ను మూయును. అట్టివాని చేతిలో పెద్ద తూటా వ్యర్థము. ఎడమచేతి రైఫిళ్లు ఈ వాడుక తూటాలకే ఎక్కువగా దొరకును. అరుదైన తూటాకొఱకు వెదకుట ధనవ్యయము, కాలహరణము. గుండు మెత్తని ముక్కుగలదై, తగిలినప్పుడు విచ్చుకొనునదిగా నుండవలెను.

కొన్ని రాష్ట్రములలో జింకకు రైఫిలు తూటా ఏదియైనను పనికిరాదు. ఓహాయో రాష్ట్రము 2014లోను, ఐయోవా రాష్ట్రము 2017లోను సరళమైన గోడగల తూటాలు వాడు రైఫిళ్లకు మాత్రమే అనుమతి ఇచ్చినవి. కావున తన రాష్ట్రపు నిబంధనను చదివిన పిమ్మటనే తూటా నిర్ణయింపవలెను, తూటా నిర్ణయించిన పిమ్మటనే రైఫిలు వెదకవలెను.

దూరదర్శిని: మూడు రెట్లనుండి తొమ్మిది రెట్లవఱకు పెంచి చూపునది చాలును. కంటికిని దాని అద్దమునకును మూడు నాలుగు అంగుళముల ఎడముండవలెను. దగ్గఱగా నున్నచో తన్నుడునకు కనుబొమ తెగును.

పాత రైఫిలు: ఎడమచేతి రైఫిళ్లను కొనువారు తక్కువ గావున పాతవి ఒక్కొక్కప్పుడు అగ్గువకు దొరకును. రెమింగ్టన్ 700 నమూనాలో పూర్వము ఎడమచేతి రకము విరివిగా వచ్చెను. ఆ కంపెనీ 2020లో దివాలాతీసి భాగములుగా అమ్మబడినది. పాత రైఫిళ్లు మాత్రము చేతులు మాఱుచున్నవి. గొట్టపు మూతి నొక్కుకొనలేదని, కొయ్యమెడవద్ద చీలిక లేదని, గడియ పండ్లు అరగలేదని, సేఫ్టీ వేసి ట్రిగ్గరు లాగినప్పుడు కదలదని చూచుకొనవలెను. పనివానిచే పరీక్షింపక పాత రైఫిలులో తూటా పెట్టరాదు.

7. గుఱి సరిచేయుటయు అభ్యాసమును

క్రొత్త రైఫిలు గుఱి సరిగా నుండునని నమ్మరాదు. మొదట ఇరువదియైదు గజముల దూరమునను, తరువాత నూఱు గజముల దూరమునను కాగితపు గుఱిపై మూడేసి గుండ్లు కాల్చి, దూరదర్శినిని సవరింపవలెను. జింకయొక్క ముందుకాలి వెనుక, గుండెయు ఊపిరితిత్తులును ఉండు చోటు సుమారు ఎనిమిది అంగుళముల వలయము. ఏ దూరమున తన గుండ్లన్నియు ఆ వలయమున పడునో ఆ దూరమే తన హద్దు. అంతకు మించిన దూరమున జింక కన్పడినను కాల్చక విడుచుటే మర్యాద.

తూటా లేని రైఫిలుతో ఇంటివద్ద గడియను త్రిప్పుట అభ్యసింపవలెను. మడమ భుజమును విడువక, కన్ను గుఱిని విడువక నాలుగు పనులును జరుగువఱకు దినమునకు కొంతసేపు చేయవలెను. పూర్వము కుడిచేతి రైఫిలు వాడినవానికి చేయి పాతదిక్కునకే పోవుచుండును. ఆ అలవాటు పోయిన పిమ్మటనే అడవికి పోవలెను.

గుంపుగా నడచునప్పుడు మఱొకటి గమనింపవలెను. కుడిచేతివాడు తుపాకిని రొమ్మునకు అడ్డముగా పట్టినచో మూతి ఎడమవైపునకు చూచును. ఎడమచేతివాడు పట్టినచో కుడివైపునకు చూచును. వరుసలో నడచునప్పుడు ఎడమచేతివాడు కుడివైపు చివర నుండవలెను. నడుమనున్నచో వాని తుపాకి మూతి ప్రక్కవాని ఒడలిపై నుండును. నారింజవన్నె చొక్కా తొడుగుట, గుఱివెనుక ఏమున్నదో చూడక కాల్చకుండుట, కంచె దాటునప్పుడు తూటా తీసివేయుట అను నియమములు రెండు చేతులవారికిని సమానమే.

8. అచ్చట నివసించు తెలుగువారు గమనింపవలసినది

ఉద్యోగమునకో చదువునకో తాత్కాలిక వీసాపై పోయినవారు ఆ దేశపు కేంద్రచట్టము ప్రకారము సామాన్యముగా తుపాకి ఉంచుకొనరాదు. రాష్ట్రమువారిచ్చు వేట లైసెన్సు కలిగియుండుట ఈ నిషేధమునకు ఒక మినహాయింపు. ఆ లైసెన్సు గడువు దాటిన పిమ్మట తుపాకి చేతనుంచుకొన్నచో అది నేరమగును. వీసాకును భంగము కలుగవచ్చును. అనేక రాష్ట్రములలో క్రొత్తవాడు లైసెన్సు పొందుటకు ముందు వేట శిక్షణలో ఉత్తీర్ణుడు కావలెను. స్నేహితుని తుపాకిని ఒక్కపూట ఎరువు తీసికొనుటయు ఈ చట్టమునకు లోబడినదే.

9. మన దేశపు చట్టము

ఇచ్చటి రైతునకు పైరునష్టము కొత్త గాదు. అయినను 1972 సంవత్సరపు చట్టము 9వ సెక్షను ప్రకారము దుప్పి, కణుజు, కృష్ణజింక మొదలగువానిని వేటాడుట నేరము. కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకును, చుక్కల జింక తెలంగాణమునకును రాష్ట్రజంతువులు. కృష్ణజింక మొదటి షెడ్యూలులోనిది. దానిని చంపినవానికి 2022 సవరణ ప్రకారము మూడేండ్లకు తగ్గకుండ ఏడేండ్లవఱకు ఖైదును, ఇరువదియైదువేల రూపాయలకు తగ్గని జుల్మానాయు విధింపబడును. తన పట్టాభూమిలో, తన పైరు మేయుచుండగా కాల్చితినను సమాధానము చెల్లదు.

జంతువువలన పైరునకు అపాయము కలిగినప్పుడు, షెడ్యూలునుబట్టి, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారియో ఆయనచే అధికారము పొందినవారో కారణములను వ్రాసి ఉత్తరువు ఇయ్యవచ్చునని 11వ సెక్షను చెప్పుచున్నది. వ్రాతపూర్వకమైన ఉత్తరువు చేతికి రాక పూర్వము ఎవరి నోటిమాటను నమ్మియు తుపాకి ఎత్తరాదు.

ఆయుధముల విషయమున 1959 సంవత్సరపు చట్టము అమలులోనున్నది. పైరు కాపుదలకు ఆ చట్టమున పేర్కొనబడినది మూతినుండి మందు దట్టించు తుపాకి. రైఫిలు లైసెన్సు వేఱు. మన దేశమున లైసెన్సుదారులవద్ద కన్పడు .315 బోల్టు రైఫిలు ఈశాపూరు ఫ్యాక్టరీలో లీ–ఎన్‌ఫీల్డు పద్ధతిని తయారైనది. దాని పిడి కుడిప్రక్కనే. అట్టి రైఫిలు గల ఎడమచేతివారు పైన 3వ ప్రకరణములో చెప్పిన జాగ్రత్తలను, ముఖ్యముగా సేఫ్టీ విషయమున, పాటింపవలెను.

తుపాకి లేకయే పైరు కాపాడుటకు మార్గములున్నవి. అడవిపందుల బెడద యున్నచోట మొక్కజొన్నచుట్టు ఆముదమును, వేరుశనగచుట్టు ముండ్ల కుసుమను నాలుగేసి సాళ్లు వేయుట ఒకటి. సౌరశక్తి కంచె మఱొకటి. కరెంటు స్తంభమునుండి తీగ లాగి చేనిచుట్టు కట్టుట మాత్రము ఎన్నడును చేయరాదు. దానికి బలియగువారు తఱుచుగా చేనికి నీరుపెట్టబోయిన రైతులే, వారి పశువులే. పైరునష్టమునకు పరిహారము కోరు రైతులు ఆలస్యము చేయక అటవీశాఖవారికి దరఖాస్తు పెట్టుకొనవలెను.

10. సారాంశము

(1) చేయి ఏదైనను, ముందు కన్నును పరీక్షించి భుజము నిర్ణయింపవలెను.

(2) చట్టమును చదివి తూటా, తూటానుబట్టి రైఫిలు నిర్ణయింపవలెను.

(3) నడచి వేటాడువానికి పిడియు కిటికీయు సేఫ్టీయు ఎడమచేతికి అనువైన రైఫిలు. ఆనించి కాల్చువానికి కుడిచేతిదియు కొంతవఱకు చాలును. ఇంటిల్లిపాదికి ఒక్కటే కావలసినచో లీవరు రైఫిలు.

(4) తాను జంకక కాల్చగల తూటాయే తనకు తగిన తూటా.

(5) మొదటి గుండు తప్పినను గాయపఱచినను, గుఱి విడువక రెండవది కాల్చగలుగుటయే ఎడమచేతి రైఫిలువలని ముఖ్యప్రయోజనము. ఆ ప్రయోజనము అభ్యాసము లేనివానికి లభింపదు.

(6) మన దేశమున జింకపై తుపాకి ఎత్తరాదు. పైరునష్టము కలిగినచో దరఖాస్తు, ఉత్తరువు, కంచె అను మూడే రైతునకు చట్టసమ్మతమైన మార్గములు.